నకలు, నకిలీ: కొన్న సినిమాకు ఇంటి ప్రతి – కృష్ణా జిల్లా మెట్టప్రాంత నేపథ్యంలో కాపీరైట్ చట్ట చరిత్ర

వ్యాససంగ్రహం

డబ్బు చెల్లించి కొన్న సినిమా క్యాసెట్టు గాని, డిస్కు గాని పాడైపోతుందన్న భయంతో ఇంటి అవసరానికి మరొక ప్రతి తీసుకోవడం భారతీయ చట్టం దృష్టిలో నేరమా, హక్కా అన్న ప్రశ్నను ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని, దానికి 1984, 1994, 2012 సంవత్సరాలలో జరిగిన సవరణలను జగ్గయ్యపేట, నందిగామ వంటి సరిహద్దు పట్టణాల సినిమా అనుభవంతో కలిపి చదువుతుంది. చట్టం దశాబ్దాల పాటు వీడియో దుకాణాన్నే చూసిందని, ప్రేక్షకుని ఇంటిని చూడలేదని, 2012లో ఇంటివైపు తలుపు తెరిచినా ఆ సంగతి పేరు పెట్టి చెప్పలేదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కాపీరైట్ చట్టం, సొంత ప్రతి, వీడియో క్యాసెట్టు, న్యాయమైన వినియోగం, జగ్గయ్యపేట, నందిగామ, చలనచిత్ర పరిరక్షణ.

ఉపోద్ఘాతం

తెలుగులో 'నకలు', 'నకిలీ' అనే రెండు మాటలూ ఒకే అరబీ మూలం నుంచి ఉర్దూ మీదుగా వచ్చినవే. వ్యవహారంలో మాత్రం వాటి దారులు వేరయ్యాయి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రుసుము కట్టి తెచ్చుకున్న దస్తావేజు నకలు న్యాయస్థానంలో చెల్లుతుంది. నకిలీ దస్తావేజు దానిని తెచ్చినవాణ్ణి జైలుకు పంపుతుంది. మూలానికి విధేయమైన ప్రతి నకలు, మూలంగా చెలామణి కావాలని చూసే ప్రతి నకిలీ. రైతులకు, కరణాలకు, వకీళ్లకు బాగా తెలిసిన తేడా ఇది. సినిమా దగ్గరికి వచ్చేసరికి ఇది చెరిగిపోయింది. 1980ల తరువాత ప్రచారంలోకి వచ్చిన 'పైరసీ' అనే మాట నకలునూ నకిలీనీ ఒకే గాటన కట్టింది.

ఈ గందరగోళం మాటలకే పరిమితం కాదు. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం తెలిసి ఉల్లంఘించినవారికి కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల ఖైదు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఈ నేరం పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయదగినదనీ, బెయిలుకు వీలులేనిదనీ సుప్రీంకోర్టు 2022 మే నెలలో తీర్పు చెప్పింది. 28 రూపాయలకు కొన్న సినిమా డిస్కును కంప్యూటరులో దాచుకున్న గృహస్థు ఈ సెక్షన్ పరిధిలోకి వస్తాడా, రాడా అన్నది అందువల్ల తేలికగా తీసుకోదగిన ప్రశ్న కాదు.

సరిహద్దు మీది సినిమా

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే జాతీయ రహదారి మీద ముందు నందిగామ, ఆ తరువాత జగ్గయ్యపేట వస్తాయి. కాలువల కింది కృష్ణా డెల్టాతో పోలిస్తే ఇది మెట్ట: పత్తి, మిర్చి, సున్నపురాయి, దాని మీద ఆధారపడ్డ సిమెంటు కర్మాగారాల సీమ. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి పేరిట నిలిపిన జగ్గయ్యపేట, 1948 వరకు ఒకవైపు మద్రాసు రాష్ట్రానికి, మరొకవైపు నిజాము రాజ్యానికి మధ్య అంచున ఉన్న ఊరు. 1956లో ఆ అంచు చెరిగింది. 2014లో గరికపాడు దగ్గర మళ్లీ రాష్ట్ర సరిహద్దుగా లేచింది. 2022 ఏప్రిల్ 4న ఈ రెండు పట్టణాలూ కృష్ణా జిల్లా నుంచి విడివడి, ఒక సినిమా కథానాయకుని పేరు పెట్టుకున్న ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి.

రాజకీయ పటంలో ఇన్ని మార్పులు వచ్చినా సినిమా పంపిణీ పటం మాత్రం కదలలేదు. తెలుగు సినిమా వ్యాపారం నేటికీ ప్రాంతాలను 'నైజాం', 'సీడెడ్', 'కృష్ణా', 'గుంటూరు' అనే పేర్లతోనే పంచుకొంటుంది. జగ్గయ్యపేట థియేటరులో ఆడిన ఆట వసూళ్లు కృష్ణా లెక్కలోకి, రహదారి మీద ఆ పక్కనే ఉన్న కోదాడ వసూళ్లు నైజాం లెక్కలోకి పోతాయి. పంపిణీదారుల కార్యాలయాలు కొలువుదీరిన విజయవాడ గాంధీనగరం నుంచి పెట్టెలు బయలుదేరిన కాలంలో ఒక ప్రింటు ఏ ఊరిలో, ఎన్ని రోజులు ఆడాలో ముందే ఒప్పందంలో రాసి ఉండేది. ఆ వ్యవస్థలో ప్రేక్షకుడు కొన్నది ఒక ఆటకు కూర్చునే అవకాశాన్ని మాత్రమే. సినిమా అతని చేతికి వచ్చేది కాదు.

వీడియో క్యాసెట్టు ఈ ఏర్పాటును భగ్నం చేసింది. 1980లలో టీవీనీ, జనం 'డెక్కు' అని పిలుచుకొన్న వీసీఆర్‌నూ రాత్రికి అద్దెకు తెచ్చి వీధి అరుగు మీద పెట్టి చూడటం ఆంధ్రదేశమంతటా వాడుకైంది. రాత్రి బస్సులు వీడియో కోచ్‌లుగా మారి రహదారి పొడవునా సినిమాలు వేశాయి. క్యాసెట్టుకు కృష్ణా ఏరియా, నైజాం ఏరియా అన్న తేడా తెలియదు. పంపిణీదారుడు భయపడింది ఈ అద్దె క్యాసెట్టుకూ, బస్సులోని తెరకూ. చట్టం విన్నది ఆ భయాన్నే.

1957: సినిమాకు ఇల్లు లేని కాలం

1957 నాటి కాపీరైట్ చట్టం 1958 జనవరి 21న అమలులోకి వచ్చింది. అందులోని 52వ సెక్షన్ ఉల్లంఘన కాని పనుల జాబితా. దాని మొదటి అంశమే సొంత చదువుకు, పరిశోధనకు సంబంధించినది. అయితే ఆ మినహాయింపు సాహిత్య, నాటక, సంగీత, కళా రచనలకు మాత్రమే వర్తించింది. అదే చట్టం 2వ సెక్షన్‌లో 'కృతి' అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో చలనచిత్రమూ ఉంది, ధ్వనిముద్రణా ఉంది. సొంత చదువు దగ్గర ఆ రెండింటి పేర్లూ లేవు. ఇది పొరపాటున జరిగిందనలేము. నిర్వచనంలో విడివిడిగా పేర్కొన్న వాటిలో కొన్నింటినే మినహాయింపులో చేర్చినప్పుడు మిగిలినవి బయట ఉన్నట్లే.

ఆ నాటికి దీని వల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు. 35 మిల్లీమీటర్ల రీళ్ల పెట్టెను ఇంట్లో పెట్టుకొనే గృహస్థు ఎవరు? పుస్తకం సంగతి వేరు. గైడు పుస్తకాల వివాదంలో మద్రాసు హైకోర్టు 1959లోనే ఒక గీత గీసింది: విద్యార్థి తన చదువు కోసం తాను ప్రతి రాసుకోవడం వేరు, ఇతరుల చదువు పేరుతో ఒకరు ప్రతులు వేసి చలామణి చేయడం వేరు. సొంత ప్రతిని గుర్తించిన ఈ తర్కం సినిమాకు చేరడానికి మరో యాభైమూడేళ్లు పట్టింది.

1984, 1994: దుకాణం మీద చూపు

1984 సవరణ అచ్చంగా వీడియో యుగపు సంతానం. 'చలనచిత్రం' నిర్వచనంలో వీడియో చిత్రాలను చేర్చింది. ఏడాదికి మించని పాత శిక్షను ఇప్పుడున్న స్థాయికి పెంచింది. 52ఎ అనే కొత్త సెక్షన్‌ను తెచ్చి, ప్రచురించే ప్రతి వీడియో క్యాసెట్టు పెట్టె మీదా సెన్సారు ధ్రువపత్రం ప్రతి, తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు అనుమతి ఉందన్న ప్రకటన, హక్కుదారు పేరు, చిరునామా ఉండి తీరాలన్నది. అవి లేకుంటే 68ఎ సెక్షన్ కింద శిక్ష.

ఈ సెక్షన్ల అర్థాన్ని సుప్రీంకోర్టు తేల్చింది ఆంధ్రప్రదేశ్ కేసులోనే. వీడియో దుకాణం నడిపిన ఒక వ్యక్తిని కింది కోర్టు శిక్షించింది. సినిమాల అసలు హక్కుదారు ఎవరో ప్రాసిక్యూషన్ నిరూపించలేదన్న కారణంతో హైకోర్టు విడిచిపెట్టింది. రాష్ట్ర ప్రభుత్వం అప్పీలుకు వెళ్లగా, హక్కుదారును వెతికి తెచ్చి సాక్ష్యం చెప్పించనవసరం లేదని, క్యాసెట్టు మీద ఉండవలసిన వివరాలు లేకపోవడమే నేరానికి చాలునని 1996లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. పోలీసుకు పని సులువైంది. పెట్టె తిప్పి చూస్తే చాలు.

ఈ తీర్పును ఇంటి ప్రతికి అన్వయిస్తే ఒక చిక్కు కనిపిస్తుంది. ఇంట్లో తీసుకున్న క్యాసెట్టు మీద సెన్సారు పత్రం ఉండదు. ఉన్నది ఇంటివారి చేతిరాతతో సినిమా పేరు మాత్రమే. చూడగానే అది దొంగ క్యాసెట్టులాగే ఉంటుంది. అయితే 52ఎ సెక్షన్ నిషేధించింది వివరాలు లేకుండా ప్రచురించడాన్ని. బీరువాలో పెట్టుకోవడం ప్రచురణ కాదు. కనుక ఆ సెక్షన్ ఇంటిని తాకదు. ఇంటికి అసలు ప్రమాదం 14వ సెక్షన్‌లో ఉంది. సినిమాకు ప్రతి తీసే హక్కు హక్కుదారుదేనని అది చెబుతుంది. సొంత వినియోగపు మినహాయింపులో సినిమా లేదు కనుక 2012 వరకు ఇంటి ప్రతి సాంకేతికంగా ఉల్లంఘనే. దీనిని కప్పిపుచ్చి చెప్పవలసిన అవసరం లేదు. అయినా చట్టం ఆ కాలంలోనే ఒక మెత్తదనం చూపింది. వ్యాపార లాభం కోసం చేయని ఉల్లంఘన అయితే ప్రత్యేక కారణాలు నమోదు చేసి కనీస శిక్ష కంటే తక్కువ వేసే అధికారం కోర్టుకు ఇచ్చింది. నేరం కాదనలేదు, చిన్న నేరమన్నది.

1994 సవరణతో కథ ఇంకొక మలుపు తిరిగింది. 'బ్యాకప్' ప్రతి అనే భావన భారత చట్టంలోకి వచ్చింది అప్పుడే, కాని సినిమా కోసం కాదు. కంప్యూటరు ప్రోగ్రాము ప్రతిని న్యాయంగా కలిగి ఉన్న వ్యక్తి, అది పోవడం, చెడిపోవడం, నాశనం కావడం వంటి ప్రమాదాల నుంచి తాత్కాలిక రక్షణగా మరొక ప్రతి తీసుకోవచ్చని 52(1)(ఎఎ) చెప్పింది. అదే సవరణలో సినిమాకు జరిగింది ఇందుకు విరుద్ధం. ఒకసారి అమ్ముడుపోయిన ప్రతి అయినా సరే, దానిని అమ్మే హక్కు, అద్దెకిచ్చే హక్కు నిర్మాత చేతిలోనే ఉండేలా 14వ సెక్షన్‌ను తిరగరాశారు. వీడియో లైబ్రరీని అదుపు చేయడమే దీని ఉద్దేశం. విదేశాలలో కొన్న డిస్కులను ఢిల్లీలో అద్దెకిచ్చిన వీడియో లైబ్రరీ మీద 2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు ఈ పాఠం మీదే నిలిచింది. ఫ్లాపీలోని అకౌంట్ల ప్రోగ్రాము చెడిపోతే ఏం కావాలో ఆలోచించిన శాసనకర్తలు, మెట్టప్రాంతపు ఎండలో, వానాకాలపు బూజులో సినిమా టేపు ఏమవుతుందో ఆలోచించలేదు.

ఒకే బీరువాలోని రెండు క్యాసెట్లు

ఆ కాలపు మధ్యతరగతి ఇంటి బీరువాలో రెండు రకాల క్యాసెట్లు పక్కపక్కనే ఉండేవి. ఒకటి కొన్న సినిమా, రెండోది పెళ్లి క్యాసెట్టు. చట్టం దృష్టిలో పెళ్లి క్యాసెట్టు కూడా చలనచిత్రమే. కాని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ప్రతిఫలం చెల్లించి చలనచిత్రం తీయించుకున్నవారే దానికి మొదటి హక్కుదారులు. వీడియోగ్రాఫరుకు డబ్బిచ్చినవారు ఆ క్యాసెట్టుకు ఎన్ని ప్రతులైనా తీయించి ఆడపడుచులకు పంచవచ్చు. దాని నేపథ్యంలో వీడియోగ్రాఫరు అతికించిన సినిమా పాట మాత్రం మరొకరిది. ఈ సూక్ష్మం పెళ్లివారికి పట్టలేదు, పాట హక్కుదారులకూ అప్పట్లో పట్టలేదు.

టేపు నుంచి డిస్కుకు మారినప్పుడు పెళ్లి క్యాసెట్లను పట్టణపు స్టూడియోలలో ఇచ్చి వీసీడీలు చేయించుకోవడం మామూలైంది. అదే చేతితో ఇచ్చిన సినిమా క్యాసెట్టు విషయంలో చట్టం వేరని అడిగినవారూ, చెప్పినవారూ అరుదు. ఇంటివారి దృష్టిలో రెండూ ఒకటే: డబ్బు పెట్టి సంపాదించుకొన్నవి, పాడైపోతున్నవి. వీసీఆర్ తయారుచేస్తున్న చివరి సంస్థగా పేరుపొందిన జపాను దేశపు ఫునాయి 2016 జూలైలో ఉత్పత్తి ఆపేసింది. అప్పటి నుంచి ప్రతి తీసుకోని టేపు, ఉన్నా చూడలేని టేపే.

28 రూపాయల డిస్కు

వీసీడీ, డీవీడీలతో సినిమాను సొంతానికి కొనడం నిజంగా సామాన్యుని అలవాటు అయింది. 2007 ప్రాంతంలో మోజర్ బేయర్ సంస్థ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మి దొంగ డిస్కు ధరతోనే పోటీ పడింది. ధర తగ్గితే జనం అసలు ప్రతినే కొంటారన్నది ఆ వ్యాపార సూత్రం. ఈ ప్రయోగం చట్టం ఎన్నడూ చూడని ఒక కొత్త వ్యక్తిని సృష్టించింది. అతడు దొంగ కాదు, అద్దెదారుడు కాదు, కొనుగోలుదారుడు. వీసీడీ మీద రెండున్నర గంటల తెలుగు సినిమా ఒక్క డిస్కులో పట్టదు. రెండో మూడో ఉండాలి. వాటిలో ఒకదానికి గీత పడితే కథ మధ్యలో తెగిపోతుంది. కొన్నవాడికి ప్రతి తీసుకోవలసిన అవసరం ఏమిటన్న ప్రశ్నకు ఇంతకంటే వివరణ అక్కరలేదు.

వీసీడీలో తాళం లేదు. డీవీడీలో తాళం ఉంటుంది, లోపలి సమాచారాన్ని సంకేతబద్ధం చేసే ఏర్పాటు. దానిని తెరవకుండా ప్రతి తీయడం సాధ్యం కాదు. కనుక డీవీడీ దగ్గర ప్రశ్న రెండుగా చీలుతుంది: ప్రతి తీయవచ్చా? అందుకోసం తాళం తీయవచ్చా?

2012: చెప్పకుండా తెరిచిన తలుపు

2012 మే నెలలో పార్లమెంటు ఆమోదించి, జూన్ 21న అమలులోకి వచ్చిన సవరణ ఈ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైనది. 52(1)(ఎ)లో సాహిత్యం, నాటకం, సంగీతం, కళ అన్న పాత జాబితా స్థానంలో, కంప్యూటరు ప్రోగ్రాము మినహా 'ఏ కృతి అయినా' అన్న అర్థం వచ్చే మాటలు చేరాయి. సొంత లేదా వ్యక్తిగత వినియోగానికి, పరిశోధనకు ఏ కృతినైనా న్యాయంగా వాడుకోవడం ఉల్లంఘన కాదు. సినిమా కృతి కనుక సినిమాకూ ఇది వర్తిస్తుంది. దానికి చేర్చిన వివరణ మరింత స్పష్టం: ఈ ప్రయోజనాల కోసం ఏ కృతినైనా ఎలక్ట్రానిక్ మాధ్యమంలో నిల్వ చేసుకోవడం ఉల్లంఘన కాదు. హార్డ్ డిస్కులో దాచుకొన్న సినిమాకు ఇంతకంటే దగ్గరగా వచ్చిన వాక్యం భారత చట్టంలో మరొకటి లేదు.

విచిత్రమేమంటే అదే సవరణ ఎదుటి పక్షానికీ ఇచ్చింది. సినిమాను ఏ మాధ్యమంలోనైనా నిల్వ చేయడం కూడా ప్రతి తీయడమేనని 14వ సెక్షన్‌లో కొత్తగా రాసి, నిల్వను హక్కుదారు సొత్తు చేసింది. నియమంలో నిల్వను మూసి, మినహాయింపులో సొంత నిల్వను తెరిచింది. రెండు వాక్యాలనూ కలిపి చదివితేనే ఇంటి ప్రతికి చోటు దొరుకుతుంది. ఒక్క 14వ సెక్షన్‌ను చదివి భయపడేవారూ, ఒక్క 52వ సెక్షన్‌ను చదివి ధైర్యపడేవారూ ఇద్దరూ సగమే చదివినట్లు.

ఇక తాళం సంగతి. కొత్తగా వచ్చిన 65ఎ సెక్షన్ సాంకేతిక రక్షణను ఛేదించినవారికి రెండేళ్ల వరకు ఖైదు విధిస్తుంది. అయితే హక్కులను ఉల్లంఘించాలనే ఉద్దేశంతో చేస్తేనే. చట్టం ప్రత్యేకంగా నిషేధించని ప్రయోజనం కోసం ఆ పని చేయడాన్ని ఈ సెక్షన్ అడ్డుకోదని దాని రెండో భాగం చెబుతుంది. కనుక సొంత ప్రతి నిషిద్ధం కానప్పుడు దానికోసం తాళం తీయడమూ నేరం కాదు. దీనికి ఒక షరతు జోడించారు. మరొకరి కోసం తాళం తీసిపెట్టేవారు ఆ వ్యక్తి పేరు, చిరునామా, ప్రయోజనం తదితర వివరాలన్నీ పూర్తిగా రాసి ఉంచాలి. సెల్‌ఫోను దుకాణాలలో మెమరీ కార్డు నింపే కుర్రవాళ్లు ఇటువంటి రిజిస్టరు నిర్వహిస్తారని శాసనకర్తలు ఊహించి ఉంటే అది అపారమైన ఆశావాదమే.

దీని మీద రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది: 'బ్యాకప్' అనే అనుమతి కంప్యూటరు ప్రోగ్రాముకే పేరు పెట్టి ఇచ్చారు కనుక సినిమాకు లేనట్లే కదా? ఈ వాదం నిలవదు. ప్రోగ్రామును సొంత వినియోగపు సాధారణ మినహాయింపు నుంచి తొలగించారు కనుకనే దానికి ప్రత్యేకంగా ఒక ఏర్పాటు కావలసి వచ్చింది. సినిమాను 2012లో సాధారణ మినహాయింపులోకే చేర్చారు. రెండో అభ్యంతరం బలమైనది. మినహాయింపు 'న్యాయమైన' వినియోగానికే. బ్యాకప్ అంటే మొత్తం సినిమాకు ప్రతి. కొంత భాగం తీసుకోవడాన్ని న్యాయమన్నంత సులువుగా మొత్తం తీసుకోవడాన్ని అనగలమా? ప్రయోజనాన్ని బట్టి పరిమాణాన్ని చూడాలన్నదే దీనికి సమాధానం. విమర్శకు నాలుగు దృశ్యాలు చాలు. భద్రతకు సగం ప్రతి అర్థరహితం. కొన్న మూలం ఇంట్లోనే ఉన్నంతకాలం, ప్రతి గడప దాటనంతకాలం హక్కుదారు కోల్పోయిన అమ్మకం ఏదీ లేదు. ఈ అంశాన్ని నేరుగా తేల్చిన సుప్రీంకోర్టు తీర్పు లేదు కనుక ఇది పాఠం మీద ఆధారపడిన వ్యాఖ్యానమే, కాని బలమైన వ్యాఖ్యానం.

గడప దాటిన ప్రతి

గడప అన్న మాట అలంకారం కాదు, హద్దు. మూలాన్ని అమ్మేసి ప్రతిని ఉంచుకోవడం, మిత్రునికి పెన్‌డ్రైవులో ఎక్కించి ఇవ్వడం, హోటలులోనో బస్సులోనో వేయడం, ఇవేవీ సొంత వినియోగం కావు. గడప దాటితే ఏమవుతుందో ఇదే జిల్లా చూసింది. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' విడుదలకు ముందే దాదాపు తొంభై నిమిషాల భాగం బయటికి వచ్చింది. దాని అమ్మకం బయటపడింది కృష్ణా జిల్లా డెల్టాలోని పెడనలో. పోలీసులు వెల్లడించిన వివరాల ప్రకారం, చిత్రబృందంలో పనిచేసిన ఒకరి నుంచి ప్రతి పరిచయస్థుల చేతులు మారి దుకాణానికి చేరింది. నిర్మాత విడుదల తేదీని ముందుకు జరిపి సెప్టెంబరు 27న సినిమాను థియేటర్లకు తెచ్చారు. అది కొన్న ప్రతి కాదు కనుక ఆ పని మొదటి అడుగు నుంచే నేరం. అయినా వ్యాపారం మీద ప్రేమతో కాక స్నేహం కొద్దీ కదిలిన ప్రతి ఎంత వేగంగా సరుకుగా మారుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి నిదర్శనం అక్కరలేదు. నిర్మాతల భయం అకారణమైనది కాదు. దానికి మందుగా ఇంటి నకలును కూడా నకిలీ చేయడం మాత్రం వేరే విషయం.

సముద్రం అవతలి చట్టం

ఈ ప్రాంతం నుంచి అమెరికా వెళ్లిన కుటుంబం ఒక తెలుగు డీవీడీని ఇక్కడ కొని వెంట తీసుకుపోతే, అదే డిస్కుకు అదే ఇంటివారు తీసుకునే ప్రతి చట్టం మారుతుంది. టీవీ కార్యక్రమాన్ని తరువాత చూడటానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం న్యాయమేనని అమెరికా సుప్రీంకోర్టు 1984లో బీటామాక్స్ కేసులో చెప్పింది. కాని 1998లో వచ్చిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం తాళం తీయడాన్నే ఉద్దేశంతో నిమిత్తం లేకుండా నిషేధించింది. ఉల్లంఘించే ఉద్దేశం ఉండాలన్న మన 65ఎ సెక్షన్ దానికంటే ఉదారం. ఆస్ట్రేలియా 2006లో వీడియో టేపును డిజిటల్‌గా మార్చుకోనిచ్చింది, డీవీడీకి మాత్రం ఆ వీలు ఇవ్వలేదు. బ్రిటన్ 2014 అక్టోబరులో సొంత ప్రతికి అనుమతినిస్తే 2015 జూలైలో అక్కడి హైకోర్టు దానిని కొట్టివేసింది. తిరుగు ప్రయాణంలో మాత్రం మన చట్టం ఎప్పటినుంచో ఇంటిని గుర్తించింది. సొంత, గృహ వినియోగానికి ఒక్క ప్రతిని దిగుమతి చేసుకోవడం ఉల్లంఘన కాదని 51వ సెక్షన్ చెబుతుంది.

మిగిలేది ఏది?

సొంత ప్రతిని ఇంటి సౌకర్యంగానే చూస్తే దాని విలువ సగమే తెలుస్తుంది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతి నేడు లభించదు. అందుకే దాని విడుదల తేదీ 1932 ఫిబ్రవరి 6 అని నిర్ధారించడానికి రెంటాల జయదేవ కాగితపు ఆధారాలను గాలించవలసి వచ్చింది. పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో ఏర్పడింది. అక్కడి ఫిల్ములలో కొన్ని 2003 జనవరి అగ్నిప్రమాదంలో నశించాయి. ఒక్కచోటే ఉన్న మూలానికి ఉన్న ప్రమాదం అది.

ఈ సీమకు ఈ అనుభవం కొత్తది కాదు. జగ్గయ్యపేటను నిలిపిన వేంకటాద్రినాయుడే అమరావతి పట్టణాన్నీ కట్టించాడు. ఆ తవ్వకాలలో బయటపడిన స్తూపఫలకాలు ఎన్నో సున్నపు బట్టీలకు పోయాయి. వాటిలో కొన్నింటి రూపం నేడు తెలుస్తున్నదంటే కాలిన్ మెకంజీ బృందం గీసిన నకళ్ల వల్లనే. జగ్గయ్యపేట స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించి ప్రకటించకపోతే ఆ ఫలకాల కథ కూడా అంతే అయ్యేది. తాళపత్రాలకు ప్రతులు రాసిన లేఖకులు నూనె నుంచి, నీటి నుంచి, వదులు కట్టు నుంచి గ్రంథాన్ని కాపాడమని చివర వేడుకొనేవారు. 1994లో కంప్యూటరు ప్రోగ్రాముకు ఇచ్చిన రక్షణ వెనుక ఉన్న ఆలోచన ఆ లేఖకులది కూడా.

2012 సవరణ గ్రంథాలయాన్ని మరువలేదు. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన వద్ద డిజిటల్ కాని ప్రతి ఉన్న కృతిని భద్రపరచడానికి ఎలక్ట్రానిక్‌గా నిల్వ చేయవచ్చని 52(1)(ఎన్) చెబుతుంది. దీని ప్రకారం జగ్గయ్యపేటలోనో నందిగామలోనో ఉన్న ఒక శాఖా గ్రంథాలయానికి ఎవరైనా పాత సినిమా వీడియో క్యాసెట్టు ఇస్తే దానిని కంప్యూటరులోకి ఎక్కించవచ్చు. వీసీడీ ఇస్తే ఎక్కించే వీలు లేదు, అది అప్పటికే డిజిటల్ కనుక. గీతలు పడి ముందుగా పాడయ్యేది ఆ వీసీడీయే. ఈ విషయంలో గృహస్థుకున్న మినహాయింపు గ్రంథాలయానికున్న దానికంటే విశాలం కావడం శాసనరచనలోని లోపమే తప్ప మరొకటి కాదు.

సినిమాకు కాపీరైట్ విడుదలైన తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. 1960లో వచ్చిన సినిమా మీది హక్కు 2020 చివరితో ముగిసింది. 'దానవీరశూరకర్ణ' వచ్చింది 1977లో. దాని హక్కు 2037 చివరి వరకు ఉంటుంది. అప్పటివరకు ఏ డిస్కూ దానంతటదే బతకదు. ఇక 2020 తరువాత తెలుగు ప్రేక్షకుడు ఓటీటీకి చందా కట్టడమే గాని సినిమాను కొనడం దాదాపు ఆగిపోయింది. యాప్‌లో దించుకొన్న సినిమా గడువు తీరితే తెరుచుకోదు. సొంత ప్రతికి చట్టం చోటిచ్చిన దశాబ్దంలోనే సొంతమనే మాటకు వ్యాపారంలో చోటు పోయింది. 28 రూపాయలకు డిస్కు అమ్మిన మోజర్ బేయర్‌ను 2018లో దివాలా ప్రక్రియలో మూసివేతకు ఆదేశించారు. గీత పడిన డిస్కుకు బదులు మరొకటి అడగడానికి ఇప్పుడు ఆ సంస్థ లేదు. 52ఎ సెక్షన్ ప్రకారం ముద్రించిన దాని పేరూ చిరునామా మాత్రం డిస్కు కవరు మీద ఇంకా ఉన్నాయి.